రాముడు తెలంగాణలో, మాన్యం ఆంధ్రలో: ఐదు పంచాయతీల నుంచి ఒక బహిరంగ లేఖ

కేంద్ర హోం మంత్రిగారికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రులకు, రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. నేను ఎటపాక మండలంలో, భద్రాచలం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఐదు పంచాయతీల్లో ఒకదాంట్లో ఉంటాను. మేం కోయవాళ్లం. ముప్పై ఏళ్లు గవర్నమెంటు బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పిల్లల చేత వేలసార్లు ఇండియా మ్యాపు గీయించినవాణ్ని. మా ఊరి పక్కనే ఎవరో గీత గీస్తారని ఎన్నడూ అనుకోలేదు. 2014లో భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, దాన్ని ఆనుకుని ఉన్న మా ఊళ్లను ఆంధ్రలో కలిపారు.

ఈ సంగతి మీద ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను. రెండింటికి రసీదు వచ్చింది, అంతే. మూడోది 'ఇది మా పరిధిలోనిది కాదు' అని ఇవతలి ఆంధ్ర ఆఫీసు నుంచి, నాలుగోది అదే మాటతో అవతలి తెలంగాణ ఆఫీసు నుంచి తిరిగొచ్చాయి. ఆ కాగితాలు రెండూ ఒకే ఫైల్లో పెట్టుకుని, ఇక అందరూ చదివేలా రాద్దామని కూర్చున్నాను.

ముందు జరిగింది చెప్తాను. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 2014 మార్చి 1న వచ్చింది. అందులో ఖమ్మం జిల్లా తెలంగాణకు వచ్చింది. గోదావరి మీద పోలవరం ప్రాజెక్టు ముంపు కింద 2005 నాటి జీవో 111లో చేర్చిన గ్రామాలు, బూర్గంపాడు మండలంలో మరో మూడు గ్రామాలు మాత్రం ఆంధ్రకు పోయాయి. అక్కడితో ఆగితే లెక్క వేరుగా ఉండేది. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. ఊళ్ల లెక్క పోయి మండలాల లెక్క వచ్చింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత భాగం, భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటి తప్ప భద్రాచలం మండలమంతా ఆంధ్రలో కలిపేశారు. తెలంగాణ పుట్టింది జూన్ 2న. అంటే బిడ్డ పుట్టడానికి నాలుగు రోజుల ముందే వాటా తేల్చేశారు. ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన బిల్లును జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ పాస్ చేశాయి.

ఆ మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన నడుస్తోంది. అడుగుదామన్నా నడిచే అసెంబ్లీ లేదు. గ్రామసభ అనే మాటే ఎవరూ ఎత్తలేదు.

ఊరు కదలకుండా జిల్లాలు మారడం మా ఇంటికి కొత్త కాదు. మా ముత్తాత కాలంలో ఇది సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకు వచ్చింది. మా నాన్న తూర్పు గోదావరి జిల్లా మనిషి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మంలో కలిపారు కాబట్టి నా సర్వీసు రిజిస్టరు మీద ఖమ్మం జిల్లా ముద్ర పడింది. పదిహేడేళ్ల మా మనవరాలికి అప్పుడే నాలుగు జిల్లాలు అయిపోయాయి: ఖమ్మంలో పుట్టింది, తూర్పు గోదావరిలో బడికెళ్లింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు, ఇప్పుడు పోలవరం జిల్లాకు వచ్చింది. 'తాతా, ఫారంలో జిల్లా కాలమ్ పెన్సిల్‌తో రాయాలా?' అంటుంది.

కాబట్టి మేం 1959కి ముందు ఆంధ్రవాళ్లమే కదా అన్న వాదన నాకు తెలియనిది కాదు. చరిత్రను ఎక్కడ మొదలుపెడితే అక్కడి నుంచి ఎవరికి కావలసిన జవాబు వాళ్లకు దొరుకుతుంది. నేను అడుగుతున్నది 1874 గురించో 1959 గురించో కాదు. ఇవాళ పొద్దున్నే లేచిన మనిషి ఆసుపత్రికి, బడికి, బజారుకు ఎటు నడుస్తాడు అన్నది.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు. ఈ ఐదూ అటే నడుస్తాయి, భద్రాచలానికి. మధ్యలో కొండ లేదు, వాగు లేదు. ఒక బోర్డు ఉంది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లే బస్సు తెలంగాణలో బయల్దేరి, ఆంధ్రలో కొంత నడిచి, మళ్లీ తెలంగాణలో తేలుతుంది. పర్ణశాలకు వెళ్లే భక్తులకు కిటికీలోంచి చూస్తే తేడా తెలియదు. మాకు తెలుస్తుంది. ఎలాగంటే,

1. వరద. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 1986లో 75.6 అడుగుల వరద చూసినవాణ్ని, అయినా ఆ రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మా చుట్టాలవి ముందు వీధి ఇళ్లు. వాళ్ల గుమ్మంలోకి నీళ్లు వచ్చేసరికి రాత్రి పదయింది. బియ్యం మూటలు అటక మీదికి ఎక్కించాం. మేకల్ని ట్రాక్టర్ తొట్టిలో వేశాం. ఎత్తుగా ఉన్న చోటు మాకు తెలిసింది ఒకటే, భద్రాచలం ఊరు. గోదావరి వంతెన మీద బండ్లు ఆపేశారు, అది సరే. మా ట్రాక్టర్ పట్టణంలోకి వెళ్లాక పునరావాస కేంద్రంలో పేర్లు రాసుకుంటున్న కుర్రాడు ఆధార్ చూసి పెన్ను ఆపాడు. 'మీది ఏపీ కదండీ' అన్నాడు. మొరటుగా అనలేదు, నిజంగానే ఏం చేయాలో తెలియక అన్నాడు. తర్వాత అన్నం పెట్టారు, పడుకోనిచ్చారు, అది మరచిపోను. కాని సాయం డబ్బుల లిస్టులో మా పేర్లు ఎక్కలేదు. ఇవతల లిస్టు రాసే రోజున మేం ఊళ్లో లేం. అదే నెల ఐదు పంచాయతీల జనం రోడ్డెక్కి మమ్మల్ని తెలంగాణలో కలపండని కూర్చున్నది రాజకీయంతో కాదు, బురద ఎత్తిపోసుకుంటూ విసిగిపోయి.

2. పిల్లల చదువు. మా మనవరాలు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా భద్రాచలంలోనే చదివింది. దగ్గరలో ఉన్నది అదే కాబట్టి. రాజ్యాంగంలోని 371డి కింద, ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్, అంటే స్థానికుల సీట్లకు అర్హులు అన్నది మూల సూత్రం. రెండు రాష్ట్రాల ఉమ్మడి అడ్మిషన్లకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. ఇప్పుడు స్టడీ సర్టిఫికెట్ తెలంగాణది, ఎస్టీ సర్టిఫికెట్ ఆంధ్రది. మేం కోయవాళ్లమన్న సంగతి రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉంది. కాని ఒక రాష్ట్రం ఇచ్చిన కాగితం మీద రెండో రాష్ట్రం రిజర్వేషన్ ఇవ్వదు. సీటు కోసం అవతలికి వెళ్తే కుల ధ్రువీకరణ చెల్లదంటారు, ఇవతలికి వస్తే చదివింది ఇక్కడ కాదంటారు. సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లినప్పుడు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఇటూ అటూ చూసి, 'సార్, మీరు ఏదో ఒకటి తేల్చుకుని రండి' అంది. తేల్చాల్సింది నేనా?

3. ఓటు. 2014 ఏప్రిల్ 30న మేం క్యూలో నిలబడి భద్రాచలం ఎమ్మెల్యేను ఎన్నుకున్నాం. నెల తిరక్కుండా మా ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి, ఆయన తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు. 2019లో రంపచోడవరం నియోజకవర్గంలో ఓటు వేసేదాకా ఆంధ్ర అసెంబ్లీలో మా ఓటుతో వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. ఐదేళ్లు. అదే ఐదేళ్లలో పోలవరం పునరావాసం, భూముల లెక్కలు, కొత్త మండలాల ఏర్పాటు నడిచాయి. మా తరఫున లేచి మాట్లాడాల్సిన కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడే మా గురించిన నిర్ణయాలన్నీ జరిగాయి.

4. జిల్లా కేంద్రం. మొదట కాకినాడ. తర్వాత పాడేరు. మా ఊరి నుంచి 200 కిలోమీటర్లకు తక్కువ కాదు, అదీ ఘాట్ రోడ్డు. ఇప్పుడు రంపచోడవరం అన్నారు, కాస్త నయం, అయినా చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగాల్సిందే. భద్రాచలం సెంటర్‌కు నేను సైకిల్ మీద వెళ్లి టీ తాగి వస్తాను.

5. పంట. పట్టాదారు పాస్ పుస్తకం ఆంధ్రది. బ్యాంకు ఖాతా భద్రాచలంలో. పురుగుమందుల కొట్టు, ధాన్యం వ్యాపారి, అప్పిచ్చే షావుకారు అంతా భద్రాచలంలోనే. పక్క రాష్ట్రం వడ్లు తమ కొనుగోలు కేంద్రాలకు రాకూడదని తెలంగాణ చెక్‌పోస్టు పెడితే తప్పు పట్టలేను, వాళ్ల బోనస్ వాళ్ల రైతుకు దక్కాలి. కాని పొలం నుంచి బజారుకు మూడు కిలోమీటర్లు ట్రాక్టర్ నడిపినవాడు పక్క రాష్ట్రం వ్యాపారిలా చెక్‌పోస్టు దగ్గర నిలబడి కాగితాలు వెతుక్కోవడం చూశాను.

6. భద్రాచలం పట్టణం. ఇది మా ఐదు ఊళ్ల బాధ మాత్రమే కాదు. చుట్టూ ఊళ్లు పోయాక ఆ పట్టణానికి చెత్త పోసుకోను చోటు లేకుండా పోయింది. ఇళ్ల స్థలాలకు జాగా లేదు. రామాలయానికి పురుషోత్తపట్నంలో 889 ఎకరాల మాన్యం ఉంది. గుడి ఒక రాష్ట్రంలో, మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఆక్రమణలు తొలగించమని హైకోర్టు చెప్పినా కాగితం గోదావరి దాటినంత తేలిగ్గా ఈ బోర్డు దాటలేకపోయింది. 2025 జూలైలో ఆక్రమణలు ఆపడానికి వెళ్లిన ఆలయ ఈవో మీదే దాడి జరిగింది. తానీషా కాలంలో గోపన్న గుడి కట్టినందుకు జైలుకెళ్లాడు. ఇప్పుడు గుడి భూమి చూసుకునే అధికారికి ఏ రాష్ట్రం పోలీసు తోడుండాలన్నదే పెద్ద ప్రశ్న. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది వస్తారు. బండ్లు ఆపడానికి జాగా ఎటు చూసినా ఆంధ్రలోనే ఉంటుంది.

ఇక మీరు అడగబోయే మాటలకు నేనే జవాబు చెప్తాను. పోలవరం వద్దా? వద్దని నేను అనడం లేదు. ప్రాజెక్టు కింద మునిగే ఊళ్లు, వాటి భూసేకరణ ఒకే రాష్ట్రం చేతిలో ఉంటే పని తేలికవుతుందన్న కారణం నాకు అర్థమవుతుంది. ఆ కారణానికి జీవోలో ఉన్న ఊళ్లు సరిపోయేవి. మండలాలకు మండలాలు ఎందుకు కావలసి వచ్చాయో పన్నెండేళ్లవుతున్నా మాకు ఎవరూ చెప్పలేదు. 

మీ ఊళ్లవాళ్లంతా తెలంగాణే కావాలంటున్నారా? కాదు. ఇదీ నిజాయితీగా చెప్పాలి. మా వీధి అరుగు మీద ముసలివాళ్లను కదిపితే, 2024 జూలై నుంచి ఇవతల పింఛను 4,000, అవతల 2,016 అని వేళ్ల మీద లెక్క చెప్తారు. కుర్రాళ్లు చదువు, ఉద్యోగం అని అటు చూస్తారు. చింతూరు వైపు వెళ్తే అభిప్రాయం ఇంకోలా ఉండొచ్చు. అందుకే ఎవరో ఒక నాయకుడు మా తరఫున 'జనం కోరిక ఇది' అని చెప్తే నమ్మకండి. నన్ను కూడా నమ్మకండి. అడగండి.

అడిగే పద్ధతి మనకు కొత్త కాదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య హద్దు తగవు తేల్చడానికి హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిగా కూర్చున్నారు. ఆయన తాలూకాలను యూనిట్‌గా తీసుకోలేదు, గ్రామాన్ని తీసుకున్నారు. అక్కడి వాళ్ల భాష ఏది, పక్క ఊళ్లతో కలిసి ఉందా లేదా చూశారు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాకే 1959లో చట్టం చేసి 1960 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. తిరుత్తణి అటు పోయింది, కొన్ని ఊళ్లు ఇటు వచ్చాయి. ఏడ్చినవాళ్లు ఏడ్చారు, కాని ఏ సూత్రం మీద పోయిందో తెలిసి ఏడ్చారు. యమున దారి మార్చుకున్నందుకు 1979లో హర్యానా, ఉత్తరప్రదేశ్‌ల హద్దు సరిచేశారు. అంటే హద్దు సరిచేయడం దేశానికి ముప్పేమీ కాదు, మామూలు పనే.

క్లాసులో చెప్పే ఇంకో మాట. రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు ఏ రాష్ట్రం హద్దునైనా మార్చగలదు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, కాని వినాల్సిన పని లేదు. సుప్రీంకోర్టు 1959లోనే ఆ మాట తేల్చింది. అమెరికాలో అయితే సంబంధించిన రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి. సోవియట్ యూనియన్ 1977 రాజ్యాంగం 78వ అధికరణం, యుగోస్లావియా 1974 రాజ్యాంగం 5వ అధికరణం కూడా రిపబ్లిక్ ఒప్పుకోకుండా దాని హద్దు మార్చకూడదనే రాశాయి. ఆ కాగితాలు ఆ దేశాల్ని నిలబెట్టలేదు, నిజమే. 1954లో క్రిమియాను రష్యా నుంచి ఉక్రెయిన్‌కు ఇచ్చినప్పుడు రెండు రిపబ్లిక్‌ల పెద్దలూ సరేనన్నారు, అక్కడి జనాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఒకే దేశంలో ఉన్నన్నాళ్లు ఆ గీత ఎవరికీ పట్టలేదు. తర్వాత ఏమైందో రోజూ పేపర్లో చూస్తున్నాం. మాది అంత పెద్ద కథ కాదు, మన దేశం విడిపోయేదీ కాదు. అడగకుండా గీసిన గీత ఎక్కడైనా ఒకేలా సలుపుతుందని చెప్పడానికే ఇంత దూరం వెళ్లాను. మాస్టారి రోగం, మన్నించండి.

2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులూ హైదరాబాద్ ప్రజాభవన్‌లో కూర్చున్నారు. విభజన సమస్యల మీద అధికారుల కమిటీ, మంత్రుల కమిటీ వేస్తామన్నారు. ఆ రోజు మా ఊళ్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. ఆ తర్వాత మా దాకా వచ్చి మా పరిస్థితి ఏమిటని అడిగినవాళ్లు లేరు.

మా డిమాండ్లు:

ఒకటి. ఐదు పంచాయతీల్లో, ఒక్కో ఊళ్లో విడివిడిగా, గ్రామసభ పెట్టి రహస్య ఓటు తీసుకోవాలి. రెండు రాష్ట్రాల అధికారులూ కూర్చోవాలి. మాది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న ఆదివాసీ ప్రాంతం. అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పీసా చట్టం, భూసేకరణకు గ్రామసభను సంప్రదించాలని చెప్తుంది. రాష్ట్ర సరిహద్దు గురించి ఆ చట్టంలో లేదని నాకు తెలుసు. ఎకరం భూమికి అడగాల్సినప్పుడు ఊరు మొత్తానికి అడగక్కర్లేదా అన్నదే నా ప్రశ్న. ఫలితం ఎటు వచ్చినా నేను ఒప్పుకుంటాను, రాసి ఇస్తాను.

రెండు. ఆ ఫలితాన్ని చేతిలో పెట్టుకుని, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకునే ఒక మధ్యవర్తిని కేంద్రం నియమించాలి. గడువు ఆరు నెలలు. నివేదికను రెండు అసెంబ్లీలూ చర్చించాలి, తర్వాత పార్లమెంటులో సవరణ బిల్లు పెట్టాలి.

మూడు. అప్పటిదాకా విలీన మండలాల పిల్లల విషయంలో రెండు రాష్ట్రాలూ ఒక ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలి: భద్రాచలంలో చదివినా ఆంధ్రలో లోకల్‌గా, ఆంధ్ర ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నా తెలంగాణలో ఎస్టీగా గుర్తించాలి. దీనికి హద్దు మార్చక్కర్లేదు. రెండు సంతకాలు చాలు. ఈ ఏడాది కౌన్సెలింగ్‌లోపే కావాలి.

నాలుగు. జూన్ రాకముందే వరద సాయానికి ఉమ్మడి జాబితా తయారు చేయాలి. భద్రాచలంలో ఏ కేంద్రంలో ఏ ఊరివాళ్లు ఉండాలో ముందే రాసుకోవాలి. ఎక్కడ తలదాచుకున్నా సాయం సొంత ఊరి లిస్టు నుంచే రావాలి. 108 బండి హద్దు దగ్గర ఆగకూడదు, దగ్గరి ఆసుపత్రికే వెళ్లాలి.

ఐదు. పురుషోత్తపట్నం మాన్యం మీద ఇద్దరు కలెక్టర్లూ కలిసి సర్వే చేయాలి. భద్రాచలానికి చెత్త యార్డుకు, పుష్కరాల పార్కింగ్‌కు జాగా లీజు మీద ఇవ్వాలి.

ఆరు. 2024 నాటి కమిటీలు మా ఐదు పంచాయతీల గురించి ఏం మాట్లాడుకున్నాయో, మాట్లాడుకోకపోతే ఆ మాటే, కాగితం మీద మాకు చెప్పాలి.

మీరు ఎవరినైనా పంపిస్తే నేనే తీసుకెళ్లి చూపిస్తాను. భద్రాచలం బస్టాండులో దిగి ఫలానా రిటైర్డ్ సోషల్ మాస్టారి ఇల్లు అంటే ఆటోవాళ్లు తీసుకొస్తారు. ఆటో కిరాయి మాత్రం ముందే మాట్లాడుకోండి, బోర్డు దాటితే రేటు పెంచేస్తారు.

ఇట్లు,
ఐదు పంచాయతీల్లో ఒక ఓటరు,
ఎటపాక మండలం